మార్గరెట్ ముఖం మీది మరక

2018 నవంబరు. డెట్రాయిట్‌కి అరగంట దూరంలో ఒక పాత స్కూలు బిల్డింగును బాగుచేసి పెట్టిన కన్సర్వేషన్ సెంటర్‌లో అది నా పద్నాలుగో ఏడు. కన్సర్వేషన్ అంటే పాత పుస్తకాలు, ఉత్తరాలు, పటాలు ఇక మీదట పాడవకుండా కాపాడే పని. లైబ్రరీలు, మ్యూజియంలు పంపిస్తాయి. అప్పుడప్పుడు మామూలు కుటుంబాలవాళ్ళు కూడా అటక మీద దొరికిన బైబిలో, తాతగారి డైరీయో పట్టుకుని వస్తారు. నేను పుస్తకాల విభాగంలో ఉంటాను.

ఇది మేముండే నోవై ఊళ్ళోని మా తెలుగువాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం ఇప్పటికీ నా వల్ల కాలేదు. తలా ఒక వంటకం తెచ్చుకునే ఏ పాట్‌లక్‌కి వెళ్ళినా పులిహోర వడ్డించుకుంటూ ఎవరో ఒకరు అడుగుతారు. "ఇంకా ఆ బైండింగ్ జాబేనా పద్మా? ఐటీలోకి మారిపోరాదూ? మా వాడు ట్రైనింగ్ ఇప్పిస్తాడు." కెమిస్ట్రీలో మాస్టర్స్ చేసి పుస్తకాలకి అట్టలేసుకుంటోందని వాళ్ళ జాలి. మా ఆయన శ్రీధర్ ఒక కార్ల కంపెనీలో క్రాష్ టెస్టులు చేస్తాడు. కొత్త కారును గోడకేసి కొట్టి ఎక్కడెక్కడ సొట్ట పడిందో చూసే ఉద్యోగానికి ఉన్న గౌరవం, ఐదువందల ఏళ్ళ పుస్తకాన్ని ఇంకో రెండువందల ఏళ్ళు నిలబెట్టే ఉద్యోగానికి లేదు. ఈ ఏడుపు నాకు పాతదే కాబట్టి పక్కన పెట్టి అసలు సంగతికి వస్తాను.

ఆ ఏడాది మొదటి మంచు పడిన రోజున డొరతీ అనే పెద్దావిడ వచ్చింది. ఎనభై ఒక్కేళ్ళు. నిటారుగా నడిచే మనిషి, ఎర్ర కోటు, దానికి సరిపోయే ఎర్ర లిప్‌స్టిక్. పక్కన మనవరాలు ఎమిలీ. ఆ అమ్మాయికి అప్పటికి ఏడో నెల. ఎమిలీ తన భుజాన ఉన్న సంచీలోంచి గళ్ళ తువ్వాలు చుట్టిన పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. వంటింట్లో గిన్నెలు తుడుచుకునే తువ్వాలు అది. నా మొహం చూసి ఆ అమ్మాయే, "ఉతికిందేనండీ," అంది.

తువ్వాలు విప్పాను. లోపల అరచేతికంటే కాస్త పెద్దదైన పుస్తకం. పార్చ్‌మెంట్ పుటలు, అంటే దూడ చర్మాన్ని గీరి, సాగదీసి, ఆరబెట్టి చేసినవి. ఇలాంటి పుస్తకాన్ని మా వృత్తిలో బుక్ ఆఫ్ అవర్స్ అంటారు. రోజులో ఎనిమిది వేళలకు చదువుకోవాల్సిన ప్రార్థనలుంటాయి. మధ్యయుగాల ఫ్రాన్స్‌లో కాస్త కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళు వీటిని ప్రత్యేకంగా రాయించుకునేవాళ్ళు. మన పూజగదిలో ఉండే స్తోత్రాల పుస్తకం లాంటిదే. కాకపోతే దీన్ని చేత్తో రాసి, చేత్తో బొమ్మలు వేసి, అక్షరాల చుట్టూ బంగారు రేకు అద్దారు.

ఇది ఎవరి కోసం చేశారో మొదటి బొమ్మలోనే ఉంది. నీలం గౌను వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్న ఒక స్త్రీ, చేతుల్లో ఇదే పుస్తకం, గౌను అంచు మీద పడుకున్న తెల్ల కుక్కపిల్ల. ఆవిడ పేరు మనకు తెలియదు. కానీ కుక్కపిల్లను కూడా వేయమని చిత్రకారుడి దగ్గర పట్టుబట్టి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. అంచుల్లో స్ట్రాబెర్రీ తీగలు, నత్తలు, ఒక పుటలో అయితే ఈల వేస్తున్న కోతి. అన్నీ నిన్న వేసినట్టే ఉన్నాయి.

"అంతా బాగానే ఉంది కదా," అన్నాను.

డొరతీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ పుస్తకాన్ని ఒక్కసారి కూడా తాకలేదు. "ఇంకా ముందుకి వెళ్ళు. పచ్చ రంగు డ్రాగన్ ఉన్న పేజీ," అంది.

వెళ్ళాను. ఆ పేజీలో ఉన్నది సెయింట్ మార్గరెట్. కథ ఏమిటంటే, ఆవిడను ఒక డ్రాగన్ మింగేస్తుంది. ఆవిడ చెక్కుచెదరకుండా దాని వీపు చీల్చుకుని బయటికి వస్తుంది. బొమ్మలో డ్రాగన్ నోట్లో ఆవిడ గౌను కొస ఇంకా వేలాడుతూనే ఉంటుంది. ఒక పొట్టలోంచి క్షేమంగా బయటపడిన మనిషి కాబట్టి, ఆ రోజుల్లో గర్భిణులు సుఖప్రసవం కోసం ఆవిడకే మొక్కుకునేవాళ్ళు. అలాంటి మార్గరెట్‌కి ఈ పేజీలో ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఉంది. అది మెడ మీదుగా, గౌను మీదుగా జారి కింద మార్జిన్ దాకా పాకింది. మార్జిన్‌లో ఎవరో తర్వాతి కాలంవాళ్ళు గోధుమరంగు సిరాతో రాసుకున్న రెండు లైన్లున్నాయి. మరక పాకిన చోట ఆ అక్షరాలు కూడా ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

"అది నేను చేసిన పని," అంది డొరతీ.

"నానమ్మా, నీకప్పుడు ఏడేళ్ళు," అంది ఎమిలీ. ఈ మాట ఇంతకుముందు వందసార్లు అన్న గొంతు అది.

"ఏడేళ్ళయితే? చేసింది నేనే కదా."

ఈ పుస్తకాన్ని డొరతీ అమ్మమ్మ ఫ్రాన్స్ నుంచి వస్తూ పెట్టెలో తెచ్చుకుంది. ఆవిడ పోయిన కొన్నాళ్ళకి, ఒక మధ్యాహ్నం డొరతీ బీరువాలోంచి దీన్ని తీసి ఒక్కతే బొమ్మలు చూసుకుంటోంది. ఈ పేజీ దగ్గర వేలు నాలుకకి తడి చేసుకుని బొమ్మను రుద్దింది. సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మ వచ్చింది. ముఖం లేని బొమ్మ, దాని మీద తడి వేలు. ఇంకేం సాక్ష్యం కావాలి? "ఐదువందల ఏళ్ళు నిలిచినదాన్ని ఒక్క నిమిషంలో నాశనం చేశావు," అందట. ఆ తర్వాత పుస్తకం ఎవరికైనా చూపించాల్సి వచ్చినప్పుడల్లా ఈ పేజీ దగ్గర ఆగి, "ఇది మా డొరతీ ఘనకార్యం," అని చెప్పేదట. నవ్వుతూనే చెప్పేదట. నవ్వుతూ చెప్పింది కాబట్టే ఆ మాట మనసులోంచి పోలేదని డొరతీ అంది.

"జనవరిలో దీనికి పురుడు," అని మనవరాలి వైపు చూపించింది. "మా ఇంట్లో ఈ పుస్తకం ఆడపిల్లకే వెళ్తుంది. నాకు ముగ్గురూ మగపిల్లలే. ఇన్నాళ్ళకి ఇది ఒకత్తే ఆడపిల్ల. దీని చేతికి నేను పాడుచేసిన పేజీతో ఇవ్వలేను పద్మా. మరక పూర్తిగా పోకపోయినా ఫరవాలేదు. కాస్త తగ్గించు. నేను బతికుండగా."

పోయిన ముఖాన్ని మేం మళ్ళీ గీయం. లేనిదాన్ని కల్పించకూడదనేది మా వృత్తిలో మొదటి నియమం. కానీ ముఖం చుట్టూ, కింద మార్జిన్‌లో పేరుకున్న ఆ బూడిదరంగు జిడ్డును చిన్న దూది పుల్లలతో, చాలా కొద్ది తడితో, కొద్దికొద్దిగా తీయొచ్చు. అప్పుడు పేజీ తెరవగానే కన్ను ముందు మరక మీద పడకుండా ఉంటుంది. అదే చెప్పాను. ఆవిడ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

ఏ పనికైనా ముందు మేం కండిషన్ రిపోర్ట్ రాస్తాం. పుస్తకం ఏ స్థితిలో వచ్చిందో చెప్పే కాగితం అది. డాక్టరు దగ్గర కేసు షీటు ఉన్నట్టే. అందులో డ్యామేజ్ అని ఒక గడి ఉంటుంది. నేను అందులో ఇలా రాశాను. "సెయింట్ మార్గరెట్ ముఖం తడి వేలితో రుద్దడం వల్ల చెరిగింది, ఇరవయ్యో శతాబ్దం, చిన్నపిల్ల చేత. మార్జిన్‌లోని చేతిరాత కూడా అదే కారణంగా కొంత పోయింది." ఇరవై నిమిషాల్లో రాసేశాను. చేసినావిడే ఎదురుగా కూర్చుని ఒప్పుకున్నాక ఇంకా పరిశోధన ఏమిటి అనుకున్నాను. మా హెడ్ హెలెన్ సంతకం పెట్టింది, డొరతీ సంతకం పెట్టింది.

పని మొదలుపెట్టాల్సిన రోజు వచ్చింది. ల్యాబ్‌లో అడుగుపెట్టే ముందు గాజులు, ఉంగరం తీసి డ్రాయర్‌లో పెడతాను. చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకుంటాను. సినిమాల్లోలాగా తెల్ల గ్లవ్స్ వేసుకోం. గ్లవ్స్‌లో వేలికి స్పర్శ తెలియక పేజీ చిరిగే ప్రమాదం ఎక్కువ. ఆ రోజు ట్రాలీ పై అర నిండా నా దూది పుల్లలు, సీసాలు, బ్లాటింగ్ కాగితాలు సర్దుకున్నాను. పుస్తకాన్ని టిష్యూ కాగితంలో చుట్టి కింది అరలో ట్రేలో పెట్టాను. అలా పెట్టకూడదు. ఐదు అడుగుల దూరమే కదా అని పెట్టాను. ట్రాలీని బల్ల దగ్గరికి తెచ్చి అటు తిరిగేసరికి నా కాలు ట్రేకి తగిలింది.

ఆ తర్వాత జరిగింది నేను చేశానని చెప్పలేను, నా చేతులు చేశాయి. వంగి పుస్తకం తీసి, కుడికంటికి, ఎడమకంటికి అద్దుకున్నాను. పుస్తకానికి కాలు తగిలితే ఏం చెయ్యాలో మా అమ్మ నాకు నడక వచ్చిన నాడే నేర్పింది. అది చెరపడానికి పద్నాలుగేళ్ళ ట్రైనింగ్ సరిపోలేదన్నమాట.

తలెత్తితే గుమ్మంలో హెలెన్.

"పద్మా, ఇప్పుడు ఆ మాన్యుస్క్రిప్ట్‌ని ముద్దు పెట్టుకున్నావా?"

"లేదు," అన్నాను. "కళ్ళకద్దుకున్నాను."

దానివల్ల పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు. కాలు తగలడం, క్షమించమనడం, పుస్తకమంటే చదువుల తల్లి అవడం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. హెలెన్ ఈ వృత్తిలో నలభై ఏళ్ళుగా ఉన్న మనిషి. చాలాసేపు ఆలోచించి, "మన నిబంధనల్లో మొహం గురించి ఏమీ లేదు. ఎవరైనా ఈ పని చేస్తారని ఎవరికీ తట్టి ఉండదు. ఈ వారమే చేరుస్తాను," అంది. ఇప్పటికీ మా ల్యాబ్ నిబంధనల్లో ఆ వాక్యం ఉంది. కొత్తగా చేరినవాళ్ళు ఇది దేనికని అడిగితే అందరూ నా వైపు చూస్తారు.

ఇద్దరం టిష్యూ విప్పి పుస్తకం చూశాం. దానికేమీ కాలేదు. టిష్యూ మీద మాత్రం రెండు నల్లటి మరకలున్నాయి. కాటుక. గాజులూ ఉంగరమూ తీసిన దాన్ని, కాటుక సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. సిగ్గుతో ఆ టిష్యూ నలిపి పారేయబోయి ఆగిపోయాను. ఆ మరకలో కంటికి తాకిన చోట నలుపు చిక్కగా ఉంది. అక్కడి నుంచి పుస్తకాన్ని కిందికి లాగిన వైపు సన్నగా, పలచగా సాగింది. ఈ ఆకారం నాకు తెలుసు. ఎక్కడో చూశాను.

మార్గరెట్ పేజీ తెరిచి పెద్ద భూతద్దం కిందికి జరిపాను. ముఖం దగ్గర చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా. అది కూడా ఒక్క మరక కాదు. ఒకదాని మీద ఒకటి ఎన్నో. ప్రతిదీ ముఖం దగ్గరే మొదలై గౌను వైపు జారింది. ఒక పిల్ల తడి వేలితో ఒక్కసారి రుద్దితే ఇలా ఉండదు. తడి ఆరిన చోట చుట్టూ సన్నని గీత పడాలి, బట్ట మీద నీటిబొట్టు ఆరినప్పుడు పడే గీత లాంటిది. ఇక్కడ ఆ గీతే లేదు. ఇది ఎవరో కావాలని, భక్తిగా, మళ్ళీ మళ్ళీ ముట్టుకున్న చోటు.

"హెలెన్, నేనీ రోజు పని మొదలుపెట్టను," అన్నాను. దూది పుల్ల కూడా తడపలేదు. తడిపి ఉంటే ఆ వేళ్ళ గుర్తులన్నీ నా చేతులతోనే తుడిచేసి ఉండేదాన్ని.

అయితే మరక ఆకారం చూసి అనుకోవడం వేరు, రుజువు వేరు. ముట్టుకున్నవాళ్ళు ఏనాటివాళ్ళు? డొరతీ అమ్మమ్మే కావచ్చు కదా? డెబ్బై నాలుగేళ్ళుగా ఒక మాట మోస్తున్న మనిషి దగ్గరికి వెళ్ళి "బహుశా మీరు కాకపోవచ్చు" అంటే ఏం లాభం? అదేమీ బరువు దించడం కాదు. అలాగని రుజువు ఎక్కడ వెతకాలో నాకు తోచలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర శ్రీధర్‌కి ఇదంతా చెప్పాను. వాళ్ళది కరీంనగర్. నేను కాలు తగలడం దగ్గర్నుంచి మొదలుపెడితే, ఆయన పప్పు కలుపుకుంటూ, "కాలు తాకితే కళ్ళకద్దుకున్నవ్, గంతే గదా. దానికి గింత టెన్షన్ ఎందుకు?" అన్నాడు.

"అది కాదు శ్రీధర్. ఆ మరక ఎప్పటిదో తెలియాలి. డేట్ ఎలా ఫిక్స్ చెయ్యను? ముఖం మీద డేట్ ఉండదుగా."

"మరక మీద ఇంకేమన్న ఉన్నదా?"

"అంటే?"

"మా దగ్గర కారుకు పది దెబ్బలుంటయి. ఏ దెబ్బ ఏ టైముకు తాకిందో ఎవ్వడు రాసిపెట్టడు. ఏ గీత మీదికెళ్ళి ఏ గీత పోయిందో జూస్తం. మీదున్నది తర్వాతిది, కిందున్నది ముందుది. రెండిట్ల ఒక్కదాని టైము తెల్సినా చాలు, పని అయిపోయినట్టే."

నేను అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. మార్జిన్‌లో చేతిరాత. మరక పాకిన చోట విరిగిపోయిన అక్షరాలు. అవి మరక వల్ల చెరిగాయని రిపోర్ట్‌లో రాసింది నేనే, వాటిని సరిగ్గా చూడకుండా. ఆ క్షణంలో మా ఆయన ఉద్యోగం మీద నాకు కలిగిన గౌరవాన్ని ఆయనకి చెప్పలేదు. చెబితే ఏడాదంతా వినాల్సి వస్తుంది.

మర్నాడు పొద్దున్నే ఆ రెండు లైన్లను మైక్రోస్కోప్ కింద పెట్టాను. రాత పదిహేడో శతాబ్దపుదని చేతిరాతలు చదివే నిపుణురాలు ఫొటో చూడగానే చెప్పింది. ఒక ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని ఎవరో ఫ్రెంచిలో రాసుకున్నారు. ఆ రోజుల్లో ఇంట్లో పుట్టుకలూ చావులూ ఇలాంటి పుస్తకాల్లోనే రాసుకునేవాళ్ళు. ఇక విరిగిన అక్షరాలు. రాసిన అక్షరాన్ని తర్వాత ఎవరైనా రుద్దితే సిరా గీతలు గీతలుగా లేస్తుంది, అంచులు చెదురుతాయి. ఇక్కడ అలా లేదు. సిరా చిన్న చిన్న గుండ్రటి బొట్లుగా విడిపోయి ఆరింది, అంచులు నున్నగా ఉన్నాయి. నూనె పడ్డ కాగితం మీద పెన్నుతో రాసిచూస్తే అర్థమవుతుంది, సిరా పట్టదు, జారిపోతుంది. ఆ రాసినాయనకో ఆవిడకో సరిగ్గా అదే ఇబ్బంది వచ్చింది. ఒక అక్షరం మీద రెండుసార్లు కలం పోనిచ్చిన గుర్తు కూడా ఉంది. అంటే ఆ రెండు లైన్లు రాసేనాటికే అక్కడ వేళ్ళ జిడ్డు ఉంది. రాసింది పదిహేడో శతాబ్దంలో. డొరతీ పుట్టడానికి దాదాపు మూడువందల ఏళ్ళు ముందే మార్గరెట్ ముఖం చెరిగిపోయింది.

నేను కుర్చీలోంచి లేచి ల్యాబ్ అంతా ఒక చుట్టు చుట్టొచ్చాను. పట్టలేనంత సంతోషమేసింది. ఆ వెంటనే శ్రీధర్ రాత్రి చేతులు కడుక్కుంటూ అడిగిన మాట గుర్తొచ్చింది. "మరి ఆ చిన్నపిల్ల దేన్ని రుద్దింది?" తడి వేలు మాత్రం నిజం కదా. మళ్ళీ వెతికాను. దొరికింది. డ్రాగన్ ముక్కు కొసన, పప్పు బద్దంత చోట పచ్చరంగు కాస్త వెలిసి, దాని చుట్టూ సన్నటి గీత. తడి ఆరిన గీత.

డొరతీని ఫోన్‌లో పిలిచాను కానీ సంగతి చెప్పలేదు. చూపించాల్సిన విషయం అది. ఆ శుక్రవారం ఎమిలీని తీసుకుని వచ్చింది. ఇద్దర్నీ మైక్రోస్కోప్ మానిటర్ ముందు కూర్చోబెట్టి, బొట్లుబొట్లుగా విడిపోయిన సిరాను స్క్రీన్ నిండా చూపించాను. ముందు జిడ్డు, తర్వాత సిరా. ఎందుకో, ఎలాగో మెల్లగా చెప్పాను.

డొరతీ కుర్చీని స్క్రీన్ దగ్గరికి జరుపుకుంది. కాసేపటికి, "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను.

"అంటే నేను పేజీ తెరిచేసరికే ఆ ముఖం లేదు."

"లేదు. బహుశా ఈ పుస్తకం చేయించుకున్నావిడే మొదలుపెట్టి ఉంటుంది. ఆ తర్వాత ఆవిడ కూతురు, కోడలు, మనవరాలు. నెలలు నిండేవేళ ఒక్కొక్కళ్ళూ వచ్చి మార్గరెట్‌ని ముట్టుకున్నారు. ముద్దు కూడా పెట్టుకుని ఉంటారు. ఇది పాడైపోవడం కాదు డొరతీ. ఈ పుస్తకం ఎందుకు చేశారో, సరిగ్గా అందుకే వాడారు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "అమ్మ ఆ పేజీ అంతకుముందు చూసి ఉండదు," అంది. "ఆవిడకి ప్రార్థనలంటే పడేది కాదు. ఆ రోజు నా వేలు చూసింది, పేజీ చూసింది, అంతే." ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. అది ఏడుపులోకి తిరిగి మళ్ళీ నవ్వులోకే వచ్చింది. ఎమిలీ ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి అలాగే పట్టుకుంది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

కాస్త తేరుకున్నాక డొరతీ అడిగింది. "మరి నేను రుద్దాను కదా. అది నాకు బాగా గుర్తు. దేన్ని రుద్దాను?"

డ్రాగన్ ముక్కు చూపించాను.

ఆవిడ ముందుకి వంగి ఆ పప్పు బద్దంత మరకను చాలాసేపు చూసింది. "దాని మొహం చూడు," అంది చివరికి. "నాకు దాని మొహం చూస్తే భయమేసింది. ఆ అమ్మాయిని మళ్ళీ తినేస్తుందని, దాన్ని చెరిపేద్దామనుకున్నాను! పద్మా, నేను ఆవిణ్ణి కాపాడుతున్నాను!"

ఎమిలీ పొట్ట పట్టుకుని నవ్వింది. "దీన్ని కొంచెం తగ్గించమంటారా?" అని నేను వృత్తిధర్మంగా అడిగాను.

"ముట్టుకున్నావంటే చూడు," అంది డొరతీ.

ఎమిలీకి ఒక కోరిక కలిగింది. తను కూడా మార్గరెట్‌ని ముట్టుకోవచ్చా అని అడిగింది. నా ఉద్యోగం ప్రకారం దీనికి ఒకటే జవాబు, కుదరదు. నేను హెలెన్ వైపు చూశాను. హెలెన్ కిటికీలోంచి పార్కింగ్ లాట్‌లో మంచు ఎంత పడిందో శ్రద్ధగా చూస్తోంది. "పెయింట్ మీద వద్దు, మార్జిన్‌లో, ఒక్క వేలు," అన్నాను. ఎమిలీ మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి, పాత వేళ్ళ జిడ్డు సాగిన చోట తన వేలు పెట్టి తీసింది. తర్వాత డొరతీ వంతు. ఆవిడ ఏడేళ్ళప్పటి నుంచీ తాకని పుస్తకం అది. వేలు పెట్టి, తియ్యడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. మేమెవరం తొందరపెట్టలేదు.

వెళ్ళే ముందు డొరతీ ఒక్కటి అడిగింది. "ఇదంతా కాగితం మీద పెడతావా? నా పేరుతో. నేను చెయ్యలేదని."

మా రిపోర్టుల్లో వస్తువు గురించి రాస్తాం కానీ మనుషుల నిర్దోషిత్వం గురించి రాయం. హెలెన్, నేను అరపూట ఆ ఒక్క వాక్యం మీద కుస్తీ పట్టాం. పాత రిపోర్ట్ రద్దు చేసి కొత్తది రాశాను. మార్గరెట్ మరకను డ్యామేజ్ గడిలోంచి తీసేసి వాడకం గుర్తులు అనే శీర్షిక కిందికి మార్చాను. మైక్రోస్కోప్ ఫొటోలు జతచేశాను. కొలతలు, కుట్టు, రంగులు అన్నీ అయ్యాక, నాలుగో పేజీ చివర ఇలా రాశాను. "సెయింట్ మార్గరెట్ ముఖం మీది మరక పదిహేడో శతాబ్దపు చేతిరాతకంటే ముందుది. దానికి ప్రస్తుత యజమాని డొరతీ కారణం కాదు." హెలెన్ చదివి, కామా ఒకటి సరిచేసి సంతకం పెట్టింది.

జనవరి ఆఖరులో డొరతీ ఫోన్ చేసింది. ఎమిలీకి ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఈ కబురు పెన్సిల్‌తో అయినా మార్జిన్‌లో రాసుకోవచ్చా అని అడిగింది. విడిగా మంచి కాగితం మీద రాసి పుస్తకంతోపాటు పెట్టెలో పెట్టమన్నాను. ఈసారి నేను పట్టు వదల్లేదు.

"ఇంకోటి. నిన్న అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళాను," అంది. "నీ రిపోర్ట్ మొత్తం చదివి వినిపించాను. నాలుగు పేజీలూ."

"మంచులో నిలబడా? పార్చ్‌మెంట్ మందం, కుట్లు, అవన్నీనా?"

"అన్నీ. ఆధారాలు లేకుండా చెబితే మా అమ్మకి నచ్చదు. చివరి వాక్యం మాత్రం రెండుసార్లు చదివాను. డెబ్బై నాలుగేళ్ళు నేను సారీ చెప్పుకున్నాను పద్మా. ఇప్పుడు ఆవిడ వంతు. తొందరేం లేదు, నిదానంగా ఆలోచించుకోమని చెప్పి వచ్చాను."

ఫోన్ పెట్టేశాక నేను చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత పాత ఫైలు తీసి, రద్దు చేసిన నా మొదటి రిపోర్ట్ మళ్ళీ చదివాను. కండిషన్ రిపోర్ట్ అంటే ఎప్పుడో వందేళ్ళ తర్వాత ఇంకో కన్సర్వేటర్ చదివేదని అప్పటిదాకా అనుకునేదాన్ని. దాన్ని ఇంటిమనిషి కూడా చదువుతుందని, అందులోని ఒక్క గడి ఒకరి మీద తీర్పు కావచ్చని ఆలోచించలేదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి "ఇది నేను పాడుచేశాను" అని చెబితే, ముందు వాళ్ళ మాట పక్కన పెట్టి పేజీని అడుగుతాను. తెలిస్తే రాస్తాను, తెలియకపోతే తెలియదని రాస్తాను. ఆ రోజు నేను ఇరవై నిమిషాల్లో రాసేసిన ఆ వాక్యం, ఒక చిన్నపిల్ల మీద చేయని తప్పును రెండోసారి మోపింది. ఈసారి మోపింది వాళ్ళమ్మ కూడా కాదు, నేను.